ఒక్క పొర గ్రాఫీన్ మీదనే ఘర్షణ ఎందుకు ఎక్కువ? అణుమందపు పదార్థాల కందెన గుణంపై చర్చ

సూక్ష్మరేఖ:
గ్రాఫైట్ నుంచి ఒలిచి సిలికాన్ ఆక్సైడ్ మీదికి దించిన గ్రాఫీన్ (ఒక్కో పొర ఒక అణువు మందం గల కార్బన్) రేకులపై అణుబల సూక్ష్మదర్శినితో, అంటే సన్నని మొనను తలం మీద జరిపి బలాలను కొలిచే పరికరంతో, ఘర్షణను కొలుస్తున్నాను. ఒకే రేకులో ఒక పొర, రెండు పొరలు, నాలుగు పొరలు ఉన్న భాగాలు పక్కపక్కనే ఉన్నందువల్ల మొన, దానిపై భారం, వేగం, గాలిలోని తేమ ఏవీ మారకుండా వాటిని పోల్చి చూడగలుగుతున్నాను. ఒక పొర ఉన్న చోట ఘర్షణ అన్నిటికన్నా ఎక్కువగా ఉంటోంది. పొరలు పెరిగేకొద్దీ తగ్గుతూ, మందమైన భాగంలో గ్రాఫైట్ మీద కొలిచిన విలువకు చేరుతోంది. మొనకు తగిలేది ఎక్కడైనా అదే కార్బన్ షడ్భుజాల వరస. గ్రాఫైట్ మంచి కందెన కావడానికి కారణం పొరలు ఒకదానిపై ఒకటి సులువుగా జారడమేనని పుస్తకాలలో చదువుకున్నాం. అలాంటప్పుడు కిందనున్న పొరల సంఖ్య పైనున్న ఘర్షణను ఎలా శాసిస్తోంది? మురికి, జిగురు అవశేషాలు కారణం కావచ్చునని శుభ్రపరిచి మళ్లీ కొలిచినా వరస మారలేదు.

జాలకం:
మీ కొలతలో తప్పు ఏమీ లేదు, సూక్ష్మరేఖ గారూ. 2010లో సైన్స్ పత్రికలో కార్పిక్, హోన్ బృందాలు ప్రచురించిన పరిశోధన సరిగ్గా ఈ వరసనే చూపింది. గ్రాఫీన్ ఒక్కదానితో ఆగకుండా మాలిబ్డినం డైసల్ఫైడ్, షడ్భుజ బోరాన్ నైట్రైడ్, నియోబియం డైసెలినైడ్ రేకుల మీద కూడా వారు కొలిచారు. వీటిలో లోహ స్వభావం గలది ఉంది, అర్ధవాహకం ఉంది, విద్యుత్తును పోనివ్వనిది కూడా ఉంది. అయినా నాలుగింటిలోనూ పొరలు తగ్గేకొద్దీ ఘర్షణ పెరిగింది. కనుక కారణం ఆయా పదార్థాల రసాయన స్వభావంలో కన్నా రేకు పలచదనంలోనే ఉండాలి.

వారు ఇచ్చిన వివరణ ఇది. ఒక అణువు మందం గల రేకు తన తలంలో ఎంత గట్టిదో, తలానికి అడ్డంగా వంగడంలో అంత మెత్తనిది. మొన దగ్గరికి రాగానే ఆకర్షణ వల్ల రేకు కొద్దిగా పైకి లేచి మొనను హత్తుకుంటుంది. మొన కదలడం మొదలుపెట్టగానే, నేల మీద పరిచిన తివాచీని కాలితో తోస్తే ముందు ముడత లేచినట్లు, మొనకు ముందువైపు రేకు ఉబుకుతుంది. దానితో మొనను తాకే ప్రాంతం పెరుగుతుంది, కదలికకు అడ్డూ పెరుగుతుంది. పొరలు ఎక్కువైతే వంగడానికి కావలసిన బలం బాగా పెరుగుతుంది కనుక నాలుగైదు పొరలు దాటేసరికి ఈ ఉబుకు దాదాపు ఉండదు.

దీనికి వారు చూపిన పరీక్ష నాకు ఎంతో నచ్చుతుంది. అభ్రకాన్ని చీల్చితే వచ్చే తలం అణుస్థాయిలో చదునుగా ఉంటుంది, గ్రాఫీన్ దానికి గట్టిగా అంటుకుంటుంది. అభ్రకం మీద దించిన గ్రాఫీన్‌లో పొరల సంఖ్యను బట్టి ఘర్షణ మారడం కనిపించలేదు. మొన, పదార్థం, పరికరం అవే ఉండగా కింది ఆధారం ఒక్కటి మారితే ఫలితం మారిపోయింది. మీ దగ్గర అభ్రకం పలక ఉంటే ముందు ఆ పని చేసి చూడండి.

తరంగిణి:
జాలకం గారి వివరణ బలమైనదే, కాని అది ఒక్కటే ఉన్నట్లు అనిపించకూడదు. 2009లో ఫిలెటర్, బెన్నెవిట్జ్ తదితరులు సిలికాన్ కార్బైడ్ మీద పెంచిన గ్రాఫీన్‌పై కొలిచి, ఒక పొర మీద ఘర్షణ రెండు పొరల మీద ఉన్నదానికి దాదాపు రెట్టింపు అని చూపారు. అక్కడ గ్రాఫీన్ ఆధారం మీదనే పెరిగింది. ఒలిచి దించిన రేకులా వదులుగా పడి ఉండదు కాబట్టి ఉబుకు వాదన అక్కడ అంత సులువుగా నిలవదు. ఎలక్ట్రాన్లకూ జాలక (స్ఫటికంలో అణువుల క్రమమైన అమరిక) కంపనాలకూ మధ్య ఉండే బంధం ఒక పొరలో, రెండు పొరలలో వేర్వేరుగా ఉండడం వల్ల శక్తి చెదిరిపోయే తీరు మారుతోందని వారు ప్రతిపాదించారు. ఘర్షణ అంటే చివరికి కదలిక శక్తి వేడిగా మారడమే. కనుక ఆ శక్తి ఏ దారిన పోతోందన్న ప్రశ్నను పక్కన పెట్టి, తాకే ప్రాంతం గురించి మాత్రమే మాట్లాడడం నాకు అసంపూర్ణంగా తోస్తుంది.

జాలకం:
అంగీకరిస్తాను, ఒక షరతుతో. ఎలక్ట్రాన్ల మార్గం ముఖ్యమైతే బోరాన్ నైట్రైడ్ వంటి విద్యుద్బంధకంలో అదే వరస రాకూడదు, కాని అక్కడా వచ్చింది. సిలికాన్ కార్బైడ్ వంటి ప్రత్యేక సందర్భంలో ఎలక్ట్రాన్ల పాత్రను నేను కాదనడం లేదు. నాలుగు పదార్థాలకూ కలిపి ఒకే కారణం వెతికితే మాత్రం వంగే గుణమే నిలుస్తుందని నా అభిప్రాయం.

ఆ వివరణ కూడా తరువాత కొంత మారిందని చెప్పాలి. 2016లో నేచర్ పత్రికలో వచ్చిన ఒక కంప్యూటర్ అనుకరణ పరిశోధన, తాకే ప్రాంతం ఎంత ఉందన్నది సగం కథేనని తేల్చింది. ఆధారం మీద వదులుగా ఉన్న గ్రాఫీన్ మీద మొన జరుగుతుంటే, గ్రాఫీన్ తన ఆకారాన్ని కొద్దికొద్దిగా సర్దుకుంటూ, తన అణువులు మొన అణువులతో మరింత బాగా పొసిగేలా చేసుకుంటుంది. అందుకే మొదటి కొన్ని అణువుల దూరంలో ఘర్షణ మెట్టుమెట్టుగా పెరిగి ఆపైన స్థిరపడుతుంది. తాకే అణువుల సంఖ్య కన్నా అవి ఎంత గట్టిగా, ఎంత కలిసికట్టుగా పట్టుకుంటున్నాయన్నదే అక్కడ ఎక్కువ లెక్కకు వస్తుంది. సూక్ష్మరేఖ గారూ, మొన జరుగుతుండగా నమోదైన మీ ప్రతి ఘర్షణ రేఖ ఆరంభ భాగాన్ని పెద్దది చేసి చూస్తే ఈ పెరుగుదల కనిపించవచ్చు.

పునాది:
నేను ఈ రంగానికి కొత్త. గరుకుదనమే లేని, అరుగుదల కూడా లేని చోట ఘర్షణ అసలు ఎక్కడి నుంచి వస్తుందో ఎవరైనా మొదటి నుంచి చెప్పగలరా? భారానికి అనులోమంగా ఘర్షణ ఉంటుందని, తాకే వైశాల్యంతో సంబంధం లేదని పాఠశాలలో నేర్చుకున్నాను. ఇక్కడ అందరూ వైశాల్యం గురించే మాట్లాడుతున్నారు.

లోలకం:
మీరు నేర్చుకున్నవి ఆమోంటోన్ 1699లో చెప్పిన నియమాలు. మామూలు వస్తువులు పైకి కనిపించేంత వైశాల్యంలో నిజంగా తాకవు. ఎత్తైన చిన్న చిన్న బిందువుల దగ్గరే తాకుతాయి. భారం పెరిగితే అలాంటి బిందువులు పెరుగుతాయి, నిజమైన స్పర్శ వైశాల్యం భారంతో పాటు పెరుగుతుంది. ఘర్షణ నిజానికి ఆ లోపలి వైశాల్యాన్నే అనుసరిస్తుంది. అణుబల సూక్ష్మదర్శిని మొన దాదాపు ఒకే బిందువు కాబట్టి అక్కడ ఆ పాత నియమాన్ని ఆశించకూడదు. మొనను అంటుకునే బలం పట్టి ఉంచినప్పుడు బయటి భారం సున్నా అయినా ఘర్షణ మిగిలి ఉంటుంది.

ఇక మీ మొదటి ప్రశ్న. స్ఫటిక తలం ఎంత చదునైనదైనా మొనకు అది స్థితిశక్తి ఎత్తుపల్లాల వరస. గ్రాఫైట్‌లో ఆ వరస ప్రతి 0.246 నానోమీటర్లకూ ఒకసారి పునరావృతమవుతుంది. మొనను ఒక స్ప్రింగుతో లాగుతున్నామనుకోండి. మొన ఒక పల్లంలో ఆగి ఉంటుంది, స్ప్రింగు సాగుతుంది, ఒక హద్దు దాటగానే మొన పక్క పల్లంలోకి ఒక్కసారిగా దూకుతుంది. ఆ దూకడంలో స్ప్రింగులో దాచిన శక్తి జాలక కంపనాలుగా చెదిరి వేడి అవుతుంది. ఏదీ విరగలేదు, ఏదీ అరగలేదు, అయినా శక్తి పోయింది. ప్రాంటల్ 1928లో, టామ్లిన్సన్ 1929లో ప్రతిపాదించిన నమూనా సారాంశం ఇదే. 1987లో ఐబీఎం పరిశోధకులు టంగ్‌స్టన్ మొనను గ్రాఫైట్ మీద జరిపినప్పుడు ఘర్షణ బలం సరిగ్గా జాలక దూరంతో హెచ్చుతగ్గులవడం చూశారు. అణుబల సూక్ష్మదర్శిని పుట్టింది 1986లో. మరుసటి ఏడాదే ఈ కొలత వచ్చింది.

ఈ నమూనా నుంచి ముఖ్యమైన ఒక ఫలితం వస్తుంది. పల్లాలు మరీ లోతు లేనివై, స్ప్రింగు తగినంత గట్టిదైతే దూకుడే ఉండదు. మొన ఎత్తుపల్లాల మీదుగా నెమ్మదిగా ఎక్కి దిగుతుంది, ఎక్కడానికి ఇచ్చిన శక్తి దిగేటప్పుడు తిరిగి వస్తుంది, నష్టం దాదాపు లేదు. 2004లో సోకోలియుక్, బెన్నెవిట్జ్, న్యెకో, మేయర్ ఉప్పు స్ఫటికం మీద భారాన్ని తగ్గిస్తూ పోయి ఈ మార్పును కళ్లకు కట్టినట్లు చూపించారు.

పునాది:
చాలా స్పష్టంగా అర్థమైంది, ధన్యవాదాలు. మరి మొన బదులు రెండు పెద్ద స్ఫటిక తలాలే తాకుతుంటే వేలాది అణువులు ఒకేసారి దూకాలి కదా? అప్పుడు ఘర్షణ విపరీతంగా ఉండాలి.

లోలకం:
అవి ఎలా పొసిగాయన్న దాన్ని బట్టి ఉంటుంది. రెండు తలాల జాలకాలూ ఒకే దిశలో, ఒకే కొలతలో జతకుదిరితే అణువులన్నీ ఒకేసారి ఎత్తు ఎక్కాలి, ఒకేసారి దూకాలి. అప్పుడు మీరన్నట్లే ఘర్షణ ఎక్కువ. ఒకదాన్ని కొద్దిగా తిప్పితే కొన్ని అణువులు ఎక్కుతున్నప్పుడు మరికొన్ని దిగుతుంటాయి, వాటి బలాలు ఒకదానినొకటి కొట్టివేసుకుంటాయి. హిరానో, షింజో 1990లో లెక్కకట్టి చెప్పింది ఇదే. తరువాత దీనికి సూపర్‌లూబ్రిసిటీ (ఘర్షణ దాదాపు లేని స్థితి) అన్న పేరు స్థిరపడింది. నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో డీన్‌వీబెల్, ఫ్రెంకెన్ బృందం 2004లో గ్రాఫైట్ ముక్క అంటుకున్న టంగ్‌స్టన్ మొనను గ్రాఫైట్ మీద జరుపుతూ కోణాన్ని మార్చింది. ప్రతి 60 డిగ్రీలకూ ఒకసారి ఘర్షణ శిఖరంలా లేచింది, మధ్య కోణాలలో దాదాపు కొలత హద్దుకు పడిపోయింది. శిఖరం దగ్గర సుమారు 200 పికోన్యూటన్లు ఉంటే, మధ్యలో 15 పికోన్యూటన్ల చుట్టుపక్కల ఉంది.

తరంగిణి:
ఆ ఫలితం అందమైనదే, కాని అదే బృందం 2008లో సిద్ధాంతకర్తలతో కలిసి ప్రచురించిన తరువాతి భాగాన్ని చాలామంది ప్రస్తావించరు. మొనకు అంటుకున్న చిన్న ముక్క తిరగడానికి స్వేచ్ఛ ఉంటే, జరుగుతూ జరుగుతూ జతకుదిరే కోణానికి తిరిగి అక్కడ చిక్కుకుపోతుంది. జతకుదిరిన స్థితికే శక్తి తక్కువ. అందువల్ల ఒకే పదార్థంతో చేసిన జంటలో తక్కువ ఘర్షణ స్థితి తనంతట తాను నిలవదు. కోణం మీద ఆధారపడిన కందెనను యంత్రంలో నమ్ముకోవడం కష్టం.

జాలకం:
దీనికి విరుగుడు కూడా దొరికింది. రెండు వైపులా వేర్వేరు పదార్థాలను పెడితే ఏ కోణంలోనూ జాలకాలు పూర్తిగా జతకుదరవు. బోరాన్ నైట్రైడ్ జాలకం గ్రాఫైట్ కన్నా సుమారు 1.8 శాతం పెద్దది. 2018లో నేచర్ మెటీరియల్స్‌లో గ్రాఫైట్, బోరాన్ నైట్రైడ్ జంట మీద వచ్చిన పరిశోధనలో మైక్రోమీటర్ల పరిమాణంలో, మామూలు గాలిలో, తిప్పి పెట్టినా తిప్పకపోయినా ఘర్షణ చాలా తక్కువగానే ఉంది. మాలిబ్డినం డైసల్ఫైడ్ జాలకం దాదాపు 0.316 నానోమీటర్లు కాబట్టి గ్రాఫైట్‌తో తేడా ఇంకా ఎక్కువ. 2022లో ఆ జంటలో ఘర్షణ గుణకం పది లక్షల్లో ఒక వంతుకన్నా తక్కువగా నమోదైంది. సాధారణంగా గుణకం 0.01 కన్నా తగ్గితేనే సూపర్‌లూబ్రిసిటీ అంటారు. ఇది దానికి పది వేల వంతు.

అదే పరిశోధనలో నన్ను ఎక్కువగా ఆకర్షించిన అంశం వేరే ఉంది. మిగిలిన ఆ కాస్త ఘర్షణ రేకు లోపలి వైశాల్యం నుంచి రావడం లేదు, అంచుల నుంచి వస్తోంది. లోపల అణువుల బలాలు కొట్టుబడిపోతాయి. అంచుల్లో మాత్రం బంధాలు తెగిన అణువులు ఉంటాయి, కింది తలంలో మెట్టు ఉంటే అంచు అక్కడ తట్టుకుంటుంది. ఇకపై ఈ రంగంలో శ్రమ చేయవలసింది అంచుల మీదనే అని నేను గట్టిగా నమ్ముతున్నాను. లోపలి తలం సమస్య సూత్రప్రాయంగా పరిష్కారమైంది.

తరంగిణి:
లోపలి తలం సమస్య తీరిపోయిందన్న మాటను నేను ఒప్పుకోలేను. తలం పెద్దదయ్యేకొద్దీ పదార్థం సాగే గుణం అడ్డొస్తుంది. స్పర్శ ప్రాంతం తగినంత పెద్దదైతే, రెండు తలాలూ అక్కడక్కడ కొద్దిగా వంగి, సాగి స్థానికంగా జతకుదురుతాయి. అప్పుడు బలాలు కొట్టివేసుకునే లాభం ఒక పరిమాణం దగ్గర ఆగిపోతుంది. గ్రాఫీన్ తన తలంలో ఎంతో గట్టిది, పొరల మధ్య ఆకర్షణ బలహీనమైనది కాబట్టి ఆ హద్దు దూరంగా ఉంటుంది, అది నిజమే. అయినా హద్దు ఉంది. పైగా, గ్రాఫైట్‌లో ఒకే స్ఫటికంగా ఉండే లోపంలేని తలాలు మామూలుగా కొన్ని మైక్రోమీటర్ల స్థాయిలోనే దొరుకుతున్నాయి.

ఘనకందెన:
ఇంతవరకు అందరూ మొనల గురించి, చిన్న రేకుల గురించి మాట్లాడారు. నా పని బేరింగుల వంటి యంత్రభాగాలకు పొడి కందెన పూతలు వేయడం. అక్కడ ఈ పదార్థాలను చాలాకాలంగా వాడుతున్నాం, అక్కడి అనుభవాన్ని కూడా చర్చలో చేర్చాలి.

గ్రాఫైట్, మాలిబ్డినం డైసల్ఫైడ్ రెండూ పొరల పదార్థాలే, కాని గాలి విషయంలో పూర్తిగా విరుద్ధంగా ప్రవర్తిస్తాయి. గ్రాఫైట్‌కు తేమ కావాలి. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఎత్తుగా ఎగిరే విమానాలలో విద్యుత్ జనరేటర్ల కార్బన్ బ్రష్షులు (తిరిగే భాగాన్ని తాకుతూ విద్యుత్తును చేరవేసే గ్రాఫైట్ ముక్కలు) అతి వేగంగా అరిగిపోయాయి. గాలిలో నీటి ఆవిరి తక్కువ కావడమే కారణమని పరిశోధనలో తేలింది. పొరలు జారతాయి కనుక గ్రాఫైట్ కందెన అన్న వివరణ చాలదని తెలిసింది అప్పుడే. అంచుల్లో తెగిన బంధాలను నీటి అణువులు మూసివేయకపోతే ఆ అంచులు ఎదుటి తలాన్ని పట్టుకుంటాయి. ఇందాక జాలకం గారు చెప్పిన అంచుల మాట యంత్రాల స్థాయిలో ఇలా బయటపడింది.

మాలిబ్డినం డైసల్ఫైడ్ దీనికి వ్యతిరేకం. శూన్యంలో అద్భుతంగా పనిచేస్తుంది. 1993లో మార్టిన్, డోనే తదితరులు అతి శుద్ధమైన పూతను అతి శూన్యంలో పరీక్షించి, 0.01కన్నా బాగా తక్కువ గుణకాలు చూశారు. తేమగాలిలో అదే పూత మీద ఘర్షణ ఎన్నో రెట్లు పెరుగుతుంది, ఆక్సీకరణం వల్ల ఆయుష్షు తగ్గుతుంది. అందుకే దాని నిజమైన చోటు అంతరిక్షం. అక్కడ కూడా భూమి మీద గడిపిన కాలం దాన్ని దెబ్బతీయగలదు. 1989లో బయలుదేరిన గెలీలియో వ్యోమనౌక ప్రధాన యాంటెన్నా 1991 ఏప్రిల్‌లో పూర్తిగా విచ్చుకోలేదు. ప్రయోగం ఆలస్యమైన ఏళ్లలో రోడ్డు మీద అటూ ఇటూ రవాణా చేసినప్పటి కంపనాలకు యాంటెన్నా ఊచలకున్న పిన్నుల మీది పొడి కందెన అరిగిపోయి, పిన్నులు గూళ్లలో పట్టేశాయన్నది విచారణలో వచ్చిన ప్రధానమైన అంచనా. బృహస్పతి దగ్గరి నుంచి సమాచారమంతా చిన్న యాంటెన్నా ద్వారా నెమ్మదిగా పంపవలసి వచ్చింది.

పునాది:
అయితే ఉక్కు భాగం మీద ఒక్క పొర గ్రాఫీన్ పరిస్తే ఏమవుతుంది?

ఘనకందెన:
ఉక్కు మీది గరుకుదనం ఎత్తు గ్రాఫీన్ మందానికి వందల రెట్లు ఉంటుంది. రేకు ఎత్తుల మీద చిరుగుతుంది, లోయల్లో వేలాడుతుంది. చిరిగిన ముక్కలు అక్కడే మిగిలి, ఎదుటి తలానికి కూడా కొంత అంటుకుని పలచని పొరగా ఏర్పడినంతకాలం కాపాడతాయి. అందువల్ల ఒకే అఖండమైన రేకు పరవడం కన్నా ద్రావకంలో కలిపిన చిన్న రేకులను చల్లి, అరిగిన చోటికి మళ్లీ ముక్కలు చేరేలా చూడడం నా దృష్టిలో మేలైన దారి. ఘర్షణ ఎంత తగ్గిందో చూసే ముందు ఎంతసేపు నిలిచిందో చూడాలి.

పెద్ద స్థాయిలో అతి తక్కువ ఘర్షణ సాధించిన ఒక మంచి ఉదాహరణ 2015లో అమెరికాలోని ఆర్గోన్ (Argonne) జాతీయ ప్రయోగశాల నుంచి వచ్చింది. గ్రాఫీన్ ముక్కలు నానో వజ్రపు రేణువుల చుట్టూ చుట్టుకుని, వజ్రంలాంటి కార్బన్ పూత మీద జారినప్పుడు గుణకం 0.004 దగ్గరికి పడిపోయింది. చుట్టుకున్న ప్రతి రేణువూ ఒక చిన్న స్పర్శ ప్రాంతం, దేనికీ ఎదుటి తలంతో జాలకం జతకుదరదు. అంటే పెద్ద తలాన్ని ఎన్నో చిన్న తలాలుగా విడగొట్టి తరంగిణి గారు చెప్పిన పరిమాణపు హద్దును తప్పించారు. అది పొడి నైట్రోజన్‌లో సాధ్యమైంది. తేమగాలిలో గ్రాఫీన్ చుట్టుకోలేదు, ఘర్షణ తగ్గలేదు.

సూక్ష్మరేఖ:
అందరికీ కృతజ్ఞతలు. జాలకం గారు సూచించినట్లు రేఖల ఆరంభాన్ని పెద్దది చేసి చూశాను. ఒక పొర భాగంలో మొదటి కొన్ని శిఖరాలు ఒకదానికన్నా ఒకటి ఎత్తుగా ఉన్నాయి, నాలుగు పొరల భాగంలో అది కనబడడం లేదు. అభ్రకం మీది రేకులు ఇంకా సిద్ధం కావాలి. రెండు సందేహాలున్నాయి. అభ్రకానికీ గ్రాఫీన్‌కూ మధ్య నీటి పొర చిక్కుకుంటే ఫలితం పాడవుతుందా? సగటు ఘర్షణ లెక్కించేటప్పుడు రేఖ ఆరంభంలోని ఆ పెరుగుదల భాగాన్ని తీసివేయాలా?

జాలకం:
నీరు చిక్కుకోవడం మామూలుగా జరిగేదే. అది ఘర్షణను పెంచుతుందని చూపిన ప్రయోగాలు ఉన్నాయి. ఎత్తు చిత్రంలో రేకు కింద చదునైన దీవుల్లా మూడు, నాలుగు ఆంగ్‌స్ట్రామ్‌ల (0.3–0.4 నానోమీటర్ల) మెట్లు కనిపిస్తే అవి నీటి పొరలని అనుమానించండి. అభ్రకాన్ని పొడి వాతావరణంలో చీల్చి, అక్కడే రేకు దించడం మంచిది. నీరున్న భాగం, లేని భాగం ఒకే రేకులో దొరికితే వాటిని విడివిడిగా నమోదు చేయండి, అది మీకు అదనపు సమాచారం.

ఆరంభ భాగాన్ని తీసివేయకండి. స్థిరపడిన భాగానికి సగటును ఒక సంఖ్యగా, ఆరంభపు మొదటి శిఖరం ఎత్తును మరొక సంఖ్యగా ఇవ్వండి. ముందుకూ వెనక్కూ జరిపిన రేఖల తేడాలో సగమే ఘర్షణ కాబట్టి రెండు దిశల ఆరంభాలనూ వేర్వేరుగా చూడాలి.

లోలకం:
ఒక చేర్పు. వేగాన్ని కనీసం వంద నుంచి వెయ్యి రెట్ల మేర మార్చి కొలవండి. ఉష్ణ కంపనాలు మొనను పల్లం దాటించడానికి సాయపడతాయి కనుక నెమ్మదిగా జరిపినప్పుడు ఘర్షణ తక్కువగా, వేగంతో పాటు లాగరిథమ్ వరసలో పెరుగుతూ ఉంటుంది. మీ వేగాలు సెకనుకు మైక్రోమీటర్లలో ఉంటాయి, అనుకరణలు సాధారణంగా సెకనుకు మీటరు స్థాయిలో నడుస్తాయి. వేగంతో వచ్చే వాలును మీరు ఇవ్వకపోతే మీ ఫలితాన్ని 2016 నాటి అనుకరణతో పోల్చడానికి ఎవరికీ వీలుండదు.

సూక్ష్మరేఖ:
సరేనండి. వేగాల వరసను ముందు సిలికాన్ ఆక్సైడ్ మీది రేకులోనే పూర్తి చేసి, మొన అరగలేదని నిర్ధారించడానికి ప్రతి వరస చివర మందమైన గ్రాఫైట్ మీద తిరిగి కొలుస్తాను. అభ్రకం మీది ఫలితాలు వచ్చాక రెండు ఆధారాల రేఖలనూ ఇక్కడే పెడతాను.